చూపుడు వేలిని కంప్యూటర్‌లో వంచడం ఎలా: కండరాలు, టెండన్ల నమూనాను అడుగడుగునా కట్టే పద్ధతి

వేలి నమూనా కట్టేవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు మూడే. వేలు పిడికిలిలా కాకుండా గాలం కొక్కెంలా ముడుచుకుంటోంది, ఎందుకు? కండరానికి పూర్తి ఉత్తేజం ఇచ్చినా వేలు సగంలోనే ఆగిపోతోంది, ఎందుకు? ఒక కోణం దగ్గర వేలు ఉన్నట్టుండి ఎగిరిపడుతోంది, ఏం చేయాలి?

మూడింటికీ మూలం చాలాసార్లు ఒక్కటే. కండరాల బలాలతో మొదలుపెట్టి, టెండన్ ఏ దారిన వెళ్తుందో చివరికి వదిలేశారు. చేయవలసింది దీనికి తలకిందులు. కండరాన్ని ఎముకకు కట్టే స్నాయుబంధనాన్ని, అంటే టెండన్‌ను, ముందు సరైన దారిన నడిపించండి. దారి సరిగ్గా కుదిరేవరకూ బలం సంగతి ఎత్తకండి.

ఇక్కడ తీసుకున్నది ఒక్క చూపుడు వేలు. నడిమి, ఉంగరం, చిటికెన వేళ్లను లోపలి నుంచి వంచే కండర భాగాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. చూపుడు వేలు కాస్త స్వతంత్రురాలు. నేర్చుకోవడానికి అదే నయం.

1. ముందు ప్రశ్న రాసుకోండి

“వేలిని నమూనా చేయాలి” అనేది ప్రశ్న కాదు. కింది మూడింటిలో మీకు ఏది కావాలో తేల్చుకోండి.

- టెండన్ ఎంత కదిలితే వేలు ఎంత వంగుతుంది? దీనికి ఎముకలు, టెండన్ దారులు చాలు. కండరాలు అక్కర్లేదు.
- వేలికొనతో ఇంత బలంగా నొక్కాలంటే ఏ కండరం ఎంత లాగాలి? దీనికి గరిష్ఠ బలాలు కూడా కావాలి. కాలంతో పనిలేదు.
- ఉత్తేజం ఇస్తే వేలు ఎలా కదులుతుంది? దీనికి పై రెండూ, వాటితోపాటు ద్రవ్యరాశులు, కీళ్ల బిగువు, కండరం స్పందించే వేగం అన్నీ కావాలి.

మూడో ప్రశ్నకు జవాబు కావలసినవాళ్లు కూడా మొదటి రెండు మెట్లూ ఎక్కాల్సిందే. దొడ్డిదారి లేదు.

2. సిద్ధం చేసుకోవలసినవి

సాఫ్ట్‌వేర్‌లో ఉచితంగా దొరికేవి రెండు చాలు. ఓపెన్‌సిమ్‌లో కండర నమూనాలు వివరంగా ఉంటాయి, సాగే టెండన్‌ను కూడా లెక్కిస్తుంది. ముజోకో చాలా వేగంగా నడుస్తుంది, వస్తువులను పట్టుకునే స్పర్శ లెక్కల్లో దిట్ట. కానీ అందులోని కండర నమూనా టెండన్‌ను సాగని తాడుగానే చూస్తుంది. మొదటిసారి కట్టేవారికి నేను ఓపెన్‌సిమ్ చెబుతాను. వేలసార్లు నడపాల్సిన పని ఉంటే ముజోకో.

మొదలుపెట్టే ముందు ఇవి చేతిలో ఉండాలి:

- మూడు వేలి ఎముకల పొడవులు, అరచేతి ఎముక పొడవు
- ప్రతి కీలు అక్షం ఉండే చోటు, దాని వాలు
- టెండన్లు అతుక్కునే చోట్లు
- ప్రతి కండరం తంతువుల పొడవు, అడ్డుకోత వైశాల్యం
- అచ్చైన పరిశోధనల్లోని మొమెంట్ ఆర్మ్ (కీలు అక్షం నుంచి టెండన్ ఎంత దూరంలో లాగుతుందో ఆ దూరం) కొలతలు, సరిపోల్చుకోవడానికి

ప్రమాణాల మీద ఒక కన్ను వేసి ఉంచండి. స్కాన్ నుంచి వచ్చే ఎముకల ఆకృతులు సాధారణంగా మిల్లీమీటర్లలో ఉంటాయి, సాఫ్ట్‌వేర్ మీటర్లలో లెక్కిస్తుంది. నా మొదటి నమూనాలో మధ్య ఎముక పొడవు 24 మీటర్లు! తెరమీద అంతా ముచ్చటగానే కనిపించింది, ఎందుకంటే కెమెరా కూడా దానికి తగ్గట్టు దూరం జరిగింది.

3. ఎముకలు, కీళ్లు

ఈ మెట్టును త్వరగా దాటవచ్చు. చూపుడు వేలికి మూడు కీళ్లు, నాలుగు కదలికలు. వేలు అరచేతిని కలిసే చోట ఉన్న పిడికిలి కీలు వంగుతుంది, పక్కలకూ కదులుతుంది. మధ్య కీలు, కొన కీలు వంగడం మాత్రమే చేస్తాయి.

హద్దులు సుమారుగా ఇలా పెట్టుకోండి: పిడికిలి కీలుకు 90 డిగ్రీలు, మధ్య కీలుకు 100 నుంచి 110, కొన కీలుకు 70 నుంచి 80. వంగడాన్ని అన్ని కీళ్లలోనూ ఒకే గుర్తుతో, ధనాత్మకంగా పెట్టండి. ఒక కీలు ఒకలా, ఇంకోటి ఇంకోలా ఉంటే తరువాత ప్రతి గ్రాఫ్ దగ్గరా తికమకపడతారు.

అక్షం ఎముక తల మధ్యలో పడాలి, ఎముకలు కలిసే సందులో కాదు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఎముక తల గుండ్రంగా ఉంటుంది, తరువాతి ఎముక దాని చుట్టూ తిరుగుతుంది. అక్షాన్ని సందులో పెడితే 3, 4 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. కొన కీలు దగ్గర టెండన్ మొమెంట్ ఆర్మే 4 మిల్లీమీటర్లు అయినప్పుడు ఆ తేడా చిన్నది కాదు.

4. టెండన్ దారి

చూపుడు వేలికి ఏడు కండరాలు. వంచేవి రెండు: లోపలి పొరలోని ఎఫ్‌డీపీ (ఫ్లెక్సర్ డిజిటోరమ్ ప్రొఫండస్) కొన ఎముక దాకా వెళ్తుంది, దానిపై పొరలోని ఎఫ్‌డీఎస్ (ఫ్లెక్సర్ డిజిటోరమ్ సూపర్ఫిషియాలిస్) మధ్య ఎముక దగ్గర ఆగుతుంది. చాచేవి రెండు: ఈడీసీ (ఎక్స్‌టెన్సర్ డిజిటోరమ్ కమ్యూనిస్), చూపుడు వేలికి మాత్రమే ఉన్న ఈఐ (ఎక్స్‌టెన్సర్ ఇండిసిస్). అరచేతిలో ఉండే చిన్నవి మూడు: వేలికి రెండు పక్కలా రెండు ఇంటరాసియస్ కండరాలు, ఒక లంబ్రికల్.

ముందు వంచే రెండింటితోనే మొదలుపెట్టండి.

మూల ఎముక దగ్గర ఎఫ్‌డీఎస్ రెండు పాయలుగా చీలుతుంది, ఆ చీలిక మధ్యనుంచి ఎఫ్‌డీపీ ముందుకు సాగుతుంది. ఒక్క తీగతో ఎఫ్‌డీఎస్‌ను చూపించినా లెక్కకు పెద్ద నష్టం లేదు. రెండు పాయలు గీస్తే బొమ్మ బాగుంటుంది, అంతే.

అసలు పని పుల్లీలది. పేరుకు పుల్లీలే గానీ బావి గిలకలా తిరిగేవి కావు. టెండన్‌ను ఎముకకు అదిమి పట్టే గట్టి పట్టీలు. ఏ1, ఏ3, ఏ5 అనేవి వరసగా పిడికిలి, మధ్య, కొన కీళ్ల ఎదుట ఉంటాయి. ఏ2 మూల ఎముక మీద, ఏ4 మధ్య ఎముక మీద ఉంటాయి. టెండన్‌ను విల్లుతాడులా లేవకుండా పట్టి ఉంచడంలో ప్రధాన పాత్ర ఏ2, ఏ4లదే.

దారి కట్టే వరస ఇది:

- ముందు ఏ2కు రెండు బిందువులు పెట్టండి: పట్టీ మొదట్లో ఒకటి, చివర ఒకటి. రెండూ మూల ఎముకకే అతికి ఉండాలి.
- ఏ4కు అలాగే రెండు, మధ్య ఎముక మీద.
- ప్రతి కీలు దగ్గరా ఎముక తలకు సరిపోయే ర్యాపింగ్ సిలిండర్ (టెండన్ లోపలికి దూరకుండా చుట్టూ వంగి సాగే ఊహా స్తంభం) పెట్టండి, దాని అక్షం కీలు అక్షంతో కలవాలి.
- చివరగా అతుకు బిందువు: ఎఫ్‌డీపీకి కొన ఎముక మొదలు, ఎఫ్‌డీఎస్‌కు మధ్య ఎముక.

బిందువులు మాత్రమే పెట్టి సిలిండర్ వదిలేస్తే వేలు చాచినప్పుడు టెండన్ ఎముకలోంచి దూసుకుపోతుంది. సిలిండర్ మాత్రమే పెట్టి బిందువులు వదిలేస్తే వంగినప్పుడు టెండన్ ఎముకను వదిలి అడ్డదారిన గాలిలో సాగుతుంది. రెండూ కావాలి. చాచినప్పుడు సిలిండర్, వంగినప్పుడు పట్టీలు పని చేస్తాయి.

5. మొమెంట్ ఆర్మ్ పరీక్ష: దీన్ని దాటకుండా ముందుకు వెళ్లవద్దు

కీలు అక్షం నుంచి టెండన్ లాగే గీతకు ఉన్న లంబ దూరమే మొమెంట్ ఆర్మ్. దాన్ని స్కేలుతో కొలవాల్సిన పని లేదు. కీలును కొద్దిగా తిప్పండి, టెండన్ ఎంత కదిలిందో చూడండి. కదిలిన పొడవును రేడియన్లలో తిరిగిన కోణంతో భాగిస్తే మొమెంట్ ఆర్మ్ వస్తుంది. ఒక రేడియన్ అంటే దాదాపు 57 డిగ్రీలు. కాబట్టి 57 డిగ్రీలు వంగినప్పుడు టెండన్ 10 మిల్లీమీటర్లు కదిలితే మొమెంట్ ఆర్మ్ సగటున 10 మిల్లీమీటర్లు.

ఒక్కో కీలును విడిగా, మిగతా రెండింటినీ స్థిరంగా ఉంచి, ఒక్కో డిగ్రీ చొప్పున హద్దు నుంచి హద్దు దాకా తిప్పండి. పొడవులు నమోదు చేసి గ్రాఫ్ గీయండి. ఎఫ్‌డీపీకి పిడికిలి కీలు దగ్గర సుమారు 11, మధ్య కీలు దగ్గర 8, కొన కీలు దగ్గర 4 మిల్లీమీటర్లు రావాలి. ఎఫ్‌డీఎస్‌కు పిడికిలి కీలు దగ్గర సుమారు 12, మధ్య కీలు దగ్గర 6. మనిషి మనిషికీ తేడా ఉంటుంది గనుక ఒకటి రెండు మిల్లీమీటర్లకు గొడవపడకండి. 18 వస్తే మాత్రం ఆగండి.

మొత్తం కదలికను కూడా లెక్కించండి. పిడికిలి కీలు 90 డిగ్రీలు వంగితే 11 × 1.57, అంటే దాదాపు 17 మిల్లీమీటర్లు. మధ్య కీలు 100 డిగ్రీలకు 14. కొన కీలు 70 డిగ్రీలకు 5. కలిపితే 36 మిల్లీమీటర్లు. ఎఫ్‌డీపీ తంతువుల పొడవు దాదాపు 7 సెంటీమీటర్లు. అంటే పిడికిలి బిగించేసరికి కండరం తన పొడవులో సగం దాకా కుదించుకుంటుంది. పూర్తి ఉత్తేజం ఇచ్చినా వేలు సగంలో ఆగిపోవడానికి జవాబు తరచూ ఈ లెక్కలోనే దొరుకుతుంది. మీ మొమెంట్ ఆర్మ్‌లు పెద్దవైతే కండరం మధ్యలోనే కుదించుకునే శక్తి కోల్పోతుంది.

గ్రాఫ్‌లో చూడవలసినవి:

- గీత నునుపుగా ఉందా? మెట్టు కనిపిస్తే టెండన్ సిలిండర్‌కు అవతలి పక్కకు దూకింది. ఓపెన్‌సిమ్‌లో సిలిండర్‌లో ఏ పక్కన చుట్టాలో నిర్దేశించండి, ముజోకోలో పక్క బిందువు ఇవ్వండి.
- ఎఫ్‌డీఎస్‌కు కొన కీలు దగ్గర సరిగ్గా సున్నా వచ్చిందా? రాకపోతే అతుకు బిందువు తప్పు ఎముక మీద ఉంది.
- వంచేవాటికి ఒక గుర్తు, చాచేవాటికి వ్యతిరేక గుర్తు ఉందా?

గుర్తు గురించి ఒక హెచ్చరిక. ఓపెన్‌సిమ్‌లో వంచే కండరానికి ధనాత్మకంగా కనిపించే మొమెంట్ ఆర్మ్ ముజోకోలో రుణాత్మకంగా కనిపిస్తుంది. ఒకటి కండరం కోణాన్ని పెంచుతుందా అని చూస్తుంది, మరొకటి కోణం పెరిగితే పొడవు పెరుగుతుందా అని చూస్తుంది. ముజోకోలో కండర బలం కూడా రుణాత్మకమే కాబట్టి చివరికి లెక్క సరిపోతుంది. ఇది తెలియక ఒక వారమంతా గుర్తులు తిప్పుతూ కూర్చున్నాను.

ఇంకో పరీక్ష: ఏ2 బిందువులు తీసేసి మళ్లీ నడపండి. టెండన్ ఎముకను వదిలి లేచి, అంతే వంపుకు ఇంకా ఎక్కువ కదలిక అడగాలి. ఏ తేడా రాకపోతే మీ ఏ2 అలంకారానికి మాత్రమే ఉంది.

6. వేలి వెనుక వల

వంచడం గురించి రాస్తూ చాచే టెండన్ల గొడవ ఎందుకంటారా? అవి లేకపోతే వేలు వంగే తీరే మారిపోతుంది.

వేలి వెనుక ఉన్నది ఒక్క తాడు కాదు, వల. నడిమి పాయ మధ్య ఎముక మొదట్లో అతుక్కుంటుంది. రెండు పక్క పాయలు ముందుకు వెళ్లి కలిసి కొన ఎముకకు చేరతాయి. ఇంటరాసియస్, లంబ్రికల్ కండరాలు ఈ వలలో కలుస్తాయి. అందుకే అవి పిడికిలి కీలును వంచుతూనే మిగతా రెండు కీళ్లను చాచుతాయి.

మొదటి నమూనాలో వల కట్టకండి. నాలుగైదు విడివిడి తీగలు వేసి, ఈడీసీ బలాన్ని నడిమి పాయకూ పక్క పాయలకూ ఒక నిష్పత్తిలో పంచండి. ఇది పూర్తి నిజం కాదు. మధ్య కీలు వంగేకొద్దీ పక్క పాయలు కిందికి జారుతాయి, పంపకం మారుతుంది. అయినా ఏం తప్పుతోందో కనిపెట్టడానికి సులువైన నమూనా కావాలి. తరువాత తీగలు కలిసే చోట్ల తేలికైన చిన్న వస్తువులు పెట్టి నిజమైన వల కట్టవచ్చు.

లంబ్రికల్ మరో తలనొప్పి. అది ఎముక మీద కాదు, ఎఫ్‌డీపీ టెండన్ మీదనే పుడుతుంది. ఆ టెండన్ కదిలితే దాని మొదలూ కదులుతుంది. తొలి విడతలో మొదలును అరచేతి ఎముకకు అతికించి, ఆ సంగతి మీ నోట్సులో పెద్ద అక్షరాలతో రాసుకోండి.

వల సరిగ్గా ఉందో లేదో మీ వేలితోనే చూడవచ్చు. చూపుడు వేలి మధ్య కీలును బల్ల అంచు మీద 90 డిగ్రీలు వంచి, ఆ కీలునే చాచడానికి ప్రయత్నించండి. మధ్య ఎముక బల్లను వదిలి లేవాలని చూస్తుంది, కొన ఎముక మాత్రం వదులుగా వేలాడుతుంది. నమూనాలోనూ ఆ భంగిమలో కొన కీలుకు చాచే టార్క్ (తిప్పే బలం) దాదాపు ఉండకూడదు.

7. కండరాలు పెట్టే ముందు ఒక కాగితపు లెక్క

వేలు దాదాపు నిటారుగా ఉంది, కొనతో 10 న్యూటన్ల బలంతో కిందికి నొక్కుతోంది అనుకుందాం. ఒత్తే చోటు కొన కీలుకు 12, మధ్య కీలుకు 36, పిడికిలి కీలుకు 78 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. ఇవి లెక్క కోసం సవరించుకున్న అంకెలు.

కొన కీలు దగ్గర కావలసిన టార్క్ 120 న్యూటన్ మిల్లీమీటర్లు. దాన్ని వంచేది ఎఫ్‌డీపీ ఒక్కటే, మొమెంట్ ఆర్మ్ 4. కాబట్టి ఎఫ్‌డీపీ 30 న్యూటన్లు లాగాలి. నొక్కే బలానికి మూడింతలు!

మధ్య కీలు దగ్గర కావలసింది 360. ఎఫ్‌డీపీ 30 × 8, అంటే 240 ఇస్తుంది. మిగిలిన 120ని ఎఫ్‌డీఎస్ భరించాలి: 20 న్యూటన్లు.

పిడికిలి కీలు దగ్గర కావలసింది 780. ఎఫ్‌డీపీ 330, ఎఫ్‌డీఎస్ 240 ఇస్తాయి. ఇంకా 210 తక్కువ. ఆ లోటు పూడ్చేవి అరచేతిలోని చిన్న కండరాలు. కానీ అవి మధ్య, కొన కీళ్లను చాచుతాయి కదా, దానికి విరుగుడుగా ఎఫ్‌డీపీ, ఎఫ్‌డీఎస్ ఇంకాస్త లాగాలి. ఇలా ఒకదాన్ని సర్దితే ఇంకొకటి కదులుతుంది, అందుకే కంప్యూటర్.

సిమ్యులేషన్ ఇచ్చే సంఖ్యలు ఈ లెక్కకు పదింతలు దూరంగా ఉంటే తప్పు సిమ్యులేషన్‌దే.

8. కండరాలకు బలం పోయడం

ఇప్పుడు హిల్ రకం కండర నమూనా, అంటే తంతువు పొడవు, వేగం, ఉత్తేజాలను బట్టి బలాన్ని లెక్కించేది, పెట్టండి. ఒక్కో కండరానికి ముఖ్యంగా నాలుగు సంఖ్యలు కావాలి.

గరిష్ఠ బలం: అడ్డుకోత వైశాల్యాన్ని చదరపు సెంటీమీటరుకు ఇంత బలం అనే విలువతో గుణించండి. ఆ విలువకు 22 నుంచి 45 న్యూటన్ల దాకా వేర్వేరు అంకెలు వాడుకలో ఉన్నాయి. ఏదైనా ఎంచుకోండి గానీ, ఏడు కండరాలకూ అదే వాడండి. ఎఫ్‌డీపీకి 1.8 చదరపు సెంటీమీటర్లు, విలువ 45 అయితే 81 న్యూటన్లు.

తంతువుల అనుకూల పొడవు: ఆ పొడవు దగ్గర కండరం అత్యధిక బలం ఇస్తుంది.

తంతువుల వాలు కోణం: ఎఫ్‌డీపీ, ఎఫ్‌డీఎస్‌లకు చిన్నదే, ఎక్కువ ఆలోచించకండి.

టెండన్ వదులు పొడవు: ఎంత పొడవు దాటితే టెండన్ బిగుసుకోవడం మొదలవుతుందో ఆ పొడవు. అన్నిటికన్నా మొండిది ఇదే. నేరుగా కొలిచే వీలు లేదు, కానీ ఫలితాలను అన్నిటికన్నా ఎక్కువగా తారుమారు చేసేదీ ఇదే. ఎఫ్‌డీపీ టెండన్ తంతువులకంటే ఎన్నో రెట్లు పొడవు. అందుకే వదులు పొడవులో ఒకటి రెండు శాతం తప్పినా తంతువులు అనుకూల పొడవు నుంచి చాలా దూరం జరిగిపోతాయి. వేలు సగం వంగిన విశ్రాంతి భంగిమలో తంతువు పొడవు అనుకూల పొడవుకు దగ్గరగా ఉండేలా దీన్ని సర్దండి. తరువాత మళ్లీ ముట్టుకోకండి.

9. నడపడం

వరస ముఖ్యం. ముందు గురుత్వాకర్షణ, ఉత్తేజం రెండూ ఆపి, వేలు కదలకుండా నిలుస్తుందో చూడండి. తరువాత కీళ్లకు కొద్దిపాటి స్ప్రింగు బిగువు, డ్యాంపింగ్ (కదలికను నెమ్మదింపజేసే నిరోధం) ఇవ్వండి. తరువాత ఎఫ్‌డీపీ ఒక్కదానికి నెమ్మదిగా ఉత్తేజం పెంచండి. వేలు కొక్కెంలా ముడుచుకుంటుంది. కంగారు వద్దు, అరచేతి కండరాలు పనిచేయని వేలు నిజంగా అలాగే ముడుచుకుంటుంది. ఇంటరాసియస్‌లకు కొంచెం ఉత్తేజం ఇస్తే పిడికిలి కీలు ముందుగా వంగి, పెద్ద వస్తువును పట్టే వంపు వస్తుంది.

వేలి ఎముకల బరువు గ్రాముల్లో, టెండన్ బలాలు పదుల న్యూటన్లలో ఉంటాయి. అందుకే కాల విరామం (లెక్కలో ఒక్కో అడుగుకు మధ్య కాలం) పెద్దదైతే వేలు వణుకుతుంది, ఒక్కోసారి తెరమీంచి మాయమవుతుంది. విరామం తగ్గించండి, తొలి విడతలో టెండన్‌ను సాగనిదిగా పెట్టండి.

ఏడు కండరాలు, నాలుగు కదలికలు అంటే ఒకే పనికి లెక్కలేనన్ని జవాబులు. ఉత్తేజాల వర్గాల మొత్తం కనిష్ఠంగా ఉండే జవాబును ఎంచుకోవడం సాధారణ పద్ధతి. ఇది సర్దుబాటుకోసం పెట్టుకున్న నియమమే. మెదడు కచ్చితంగా ఇలాగే ఎంచుకుంటుందని రాసుకోకండి.

10. లక్షణం, కారణం, మందు

- ఒక కోణం దగ్గర వేలు ఎగిరిపడుతోంది: టెండన్ సిలిండర్ పక్క మారుతోంది. ఐదో మెట్టుకు వెళ్లండి.
- వేలు సగంలో ఆగుతోంది: మొమెంట్ ఆర్మ్ పెద్దది, లేదా వదులు పొడవు ఎక్కువ. ముందు మొదటిది చూడండి.
- ఉత్తేజం లేకుండానే వేలు బిగిసి వంగి ఉంది: వదులు పొడవు తక్కువ.
- నొక్కేటప్పుడు మధ్య కీలు మడతపడి, కొన కీలు వెనక్కి విరుగుతోంది: ఎఫ్‌డీపీ బలం చాలట్లేదు, లేదా కొన కీలు దగ్గర దాని మొమెంట్ ఆర్మ్ మరీ చిన్నది.
- ఉత్తేజం గరిష్ఠానికి అతుక్కుపోయింది: అడిగిన పనికి బలం చాలదు. గరిష్ఠ బలం పెంచే ముందు కాగితపు లెక్క మళ్లీ వేయండి.
- వేలు పక్కకు వాలుతోంది: రెండు ఇంటరాసియస్‌లలో ఒకటి తప్పు పక్కన ఉంది.

బలాలు పెంచి వేలును అందంగా వంచడం చాలా తేలిక. అదే ప్రమాదం. అందంగా వంగిన వేలు దేనికీ రుజువు కాదు.

11. మణికట్టుతో చివరి పరీక్ష

నమూనాకు మణికట్టు కలిపాక ఉత్తేజాలన్నీ సున్నా చేయండి. మణికట్టును వెనక్కి వంచండి, వేలు దానంతట అదే ముడుచుకోవాలి. ముందుకు వంచండి, వేలు విచ్చుకోవాలి. మీ చెయ్యిని వదులుగా ఉంచి చేసినా ఇదే జరుగుతుంది. నమూనాలో ఇది రాకపోతే వదులు పొడవులు గానీ, మణికట్టు దగ్గర మొమెంట్ ఆర్మ్‌లు గానీ తప్పు.

ఆపైన మణికట్టును పూర్తిగా ముందుకు వంచి, ఎఫ్‌డీపీకి పూర్తి ఉత్తేజం ఇచ్చి పిడికిలి బిగించమనండి. బిగువు బాగా తగ్గాలి. 36 మిల్లీమీటర్లకు మణికట్టు దగ్గరి కదలిక కూడా తోడైంది, తంతువులకు ఇక కుదించుకునే చోటు లేదు. మణికట్టు ఎలా ఉన్నా పిడికిలి ఒకేలా బిగుసుకుంటుంటే, ఎనిమిదో మెట్టులోని తంతువు పొడవులు మళ్లీ తెరవండి.